మూడుసార్లు జింకు కొట్టినా మారని నిమ్మ తోట: వెంకటగిరి దగ్గర ఒక కేసు

2023 మే నెలాఖరు. తిరుపతిలో నేను కూర్చునే చిన్న గదికి ఒక రైతు వచ్చారు. చేతిలో యూరియా సంచి, దాని నిండా విరిచిన నిమ్మ రెబ్బలు. వాళ్ల ఊరు వెంకటగిరికి అవతల. మూడెకరాల నిమ్మ, బాలాజీ రకం, తొమ్మిదేళ్ల చెట్లు, మొత్తం 320 దాకా ఉంటాయి. రెబ్బలన్నీ నా బల్ల మీద బోర్లించి, "జింకు లోపమని అందరూ చెప్పినారు సార్. మూడుసార్లు కొట్టినా. ఒక్క ఆకన్నా మారిందేమో మీరే ఎతకండి" అన్నారు.

వెతికాను. మారలేదు. కొమ్మ చివరి ఆకులు సన్నగా, చిన్నగా, నిటారుగా నిలబడి ఉన్నాయి. నడి ఈనె, పక్క ఈనెల వెంబడి పచ్చదనం ఉంది, మధ్యలో మాత్రం లేత పసుపు. కణుపుల మధ్య దూరం తగ్గి ఆకులు గుత్తుల్లా కనిపిస్తున్నాయి. పుస్తకంలో జింకు లోపం బొమ్మ ఎలా ఉంటుందో అచ్చం అలాగే ఉంది. కాబట్టి అందరూ చెప్పింది తప్పేమీ కాదు. మరి కొట్టిన మందు ఏమైంది?

తోట చూడకుండా చెప్పకూడదని మర్నాడు పొద్దున్నే బయల్దేరాను. నిమ్మలో పసుపు ఆకు కనబడగానే జింకు అనేయడం నాకు ఇష్టం ఉండదు. లేత ఆకు మొత్తం పాలిపోయి, ఈనెలు మాత్రం సన్నని పచ్చ వలలా మిగిలితే అది ఇనుము. ఆకు సైజు మామూలుగానే ఉండి, ఈనెల పక్కన వెడల్పుగా పచ్చ పట్టీలు ఉంటే మాంగనీసు. ముదురు ఆకుల్లో మొదలై, తొడిమ దగ్గర తిరగేసిన వి ఆకారంలో పచ్చదనం మిగిలితే మెగ్నీషియం. వీటన్నిటికంటే నేను భయపడేది గ్రీనింగ్ తెగులుకు. సిట్రస్ సిల్లా అనే చిన్న పురుగు మోసుకొచ్చే బాక్టీరియా అది, దానికి మందు లేదు. తెగులు తగిలిన కొమ్మ కూడా జింకు లోపంలాగే కనిపించి మోసం చేస్తుంది.

తేడా పట్టుకోవడానికి ఒక బాల్‌పెన్ను చాలు. ఆకును చాచి పట్టుకుని, నడి ఈనెకు అటూ ఇటూ సరిగ్గా ఒకే చోట రెండు చుట్లు గీయాలి. రెండు చుట్లలోనూ పసుపు ఒకే తీరుగా ఉంటే పోషక లోపం. ఒక చుట్టులో పచ్చ, రెండో దాంట్లో పసుపు మచ్చ ఉంటే గ్రీనింగ్‌ను అనుమానించాలి. ఆ రోజు మధ్యాహ్నం దాకా వరసల వెంట తిరిగి గీస్తూనే ఉన్నాం. అనుమానం ఉన్నవి 11 చెట్లు తేలాయి. వాటికి ఎర్ర రిబ్బను కట్టి, ఈ లెక్కలోంచి తీసేశాం. మిగతా తోటది జింకే. మట్టి ఉదజని సూచిక (పీహెచ్) 8.1, అంటే క్షారం వైపు. ఆకు పరీక్షలో జింకు 13 పీపీఎం (పది లక్షల్లో 13 వంతులు) వచ్చింది. నిమ్మ జాతి ఆకులో కనీసం 25 ఉండాలి.

ఇక్కడిదాకా తేలిగ్గానే జరిగింది. అసలు పని ఆయన కొట్టిన మూడు పిచికారీల కథ రాబట్టడం. రైతులు ఏం కొట్టారో చెబుతారు, ఎలా కొట్టారో చెప్పరు. అది మామూలే కదా అనుకుంటారు.

మొదటిది ఏప్రిల్లో, పొద్దున పది దాటాక మొదలుపెట్టి మిట్టమధ్యాహ్నం దాకా కొట్టారట. కూలీలు వచ్చేదే తొమ్మిదిన్నరకు. రెండోసారి ఖర్చు కలిసొస్తుందని జింకు సల్ఫేటుతోపాటు 0-52-34 (మోనో పొటాషియం ఫాస్ఫేటు ఎరువు) కూడా అదే డ్రమ్ములో కలిపారు. మూడోసారి గజ్జి తెగులుకు వాడే రాగి మందు, కాపర్ ఆక్సీక్లోరైడ్‌తో కలిపి కొట్టారు. మూడుసార్లూ చెట్టు మీద చిగురు లేదు. ఉన్నవన్నీ ముదురు ఆకులే. పిచికారీ గన్ను పైనుంచి కిందికి తిప్పారు. చెట్టు తడిసింది, నేల తడిసింది, కూలీల చొక్కాలూ తడిశాయి.

అక్కడే ఒక నీళ్ల సీసా తీసుకుని చిటికెడు జింకు సల్ఫేటు కరిగించాను. తేటగా ఉంది. అందులో 0-52-34 చిటికెడు వేసి ఊపాను. బోరు నీళ్లేమో, నిమిషంలోనే తెల్లగా మసకబారి, కాసేపటికి అడుగున పిండిలా దిగింది. జింకు, ఫాస్ఫేటు పెనవేసుకుని కరగని పదార్థం అయిపోయాయి. ఆయన సీసా వంకా నా వంకా చూసి, "అయితే నేను సుద్దపిండి కొట్టినానా సార్?" అన్నారు. రెండో పిచికారీ మటుకు అంతే.

మిగతా రెండింటి సంగతి చెప్పాలంటే ఆకు గురించి మాట్లాడాలి. ఈ పనిలోకి వచ్చిన కొత్తలో నేను రెండేళ్లు చింతపల్లి వైపు కాఫీ తోటల్లో తిరిగాను. ఆకు మందు ఎలా తాగుతుందో నాకు అక్కడే బుర్రకెక్కింది. అరబికా కాఫీ ఆకు పైభాగం నూనె రాసినట్టు మెరుస్తుంది. నీటి చుక్క పడితే నిలవదు, జారిపోతుంది. దానికి పత్రరంధ్రాలన్నీ అడుగు భాగంలోనే ఉంటాయి. సిల్వర్ ఓక్ నీడలో పనిచేసే ఒక పెద్దాయన గన్నును నేల దగ్గర పెట్టి, మూతి పైకి తిప్పి కొట్టేవాడు. ఎందుకని అడిగితే, "పైన కొడితే గొడుగు మీద కొట్టినట్టే బాబూ" అన్నాడు. నిమ్మ ఆకు కూడా ఈ విషయంలో కాఫీకి చుట్టమే. రంధ్రాలు దాదాపు అన్నీ అడుగునే, పైన మాత్రం మందమైన మైనపు పూత.

అలాగని మందు రంధ్రాల్లోంచి నీళ్లు పోసినట్టు లోపలికి పోతుందనుకోవద్దు. ఎక్కువ భాగం వెళ్లాల్సింది ఆ పూతలోంచే. పూత మైనంతో చేసిందే అయినా, తడిసి ఉన్నప్పుడు కరిగిన లవణాలు దూరగలిగేంత అతి సన్నని దారులు అందులో ఉంటాయి. షరతు ఒక్కటే, మందు ద్రవంగా ఉండాలి. చుక్క ఆరిపోయి ఉప్పు గింజలు మిగిలాయంటే లోపలికి పోవడం అక్కడితో ఆగిపోతుంది. మళ్లీ మంచు పడో, గాలిలో తేమ పెరిగో ఆ ఉప్పు చెమ్మగిల్లితేనే కదలిక. జింకు సల్ఫేటు అంత తేలిగ్గా చెమ్మగిల్లే ఉప్పు కాదు. ఏప్రిల్ ఎండలో పదకొండు గంటలకు కొట్టిన చుక్క ఎంతసేపు తడిగా ఉంటుందో వెంకటగిరి వాళ్లకు నేను చెప్పనక్కర్లేదు.

లేత ఆకులో ఆ పూత పల్చగా ఉంటుంది, ముదిరేకొద్దీ మందమవుతుంది. మొదటి పిచికారీ ముదురు ఆకు మీద, ఎండలో పడింది. ఎంత పోయిందో ఏమో, పోయినా చాలా కొంచెం.

మూడోదానికి కాఫీ పాఠమే పనికొచ్చింది. కాఫీలో ఆకు తుప్పు తెగులుకు బోర్డో మిశ్రమం (మైలుతుత్తం, సున్నం కలిపిన రాగి మందు) కొడతారు, జింకూ కొడతారు. రాగి కలిస్తే ఆకు తీసుకునే జింకు తగ్గిపోతుందని కాఫీ మీద చేసిన పరిశోధనల్లో తేలింది. ఒకే గేటు దగ్గర ఇద్దరు తోసుకున్నట్టు అన్నమాట. బ్రెజిల్లో కాఫీ రైతులు జింకు సల్ఫేటులో పొటాషియం క్లోరైడు కలుపుతారు, దానివల్ల జింకు తీసుకోవడం పెరుగుతుంది. నిమ్మలో నేను అది చేయలేదు, చేయమనీ చెప్పను. కానీ రాగినీ జింకునూ ఒకే డ్రమ్ములో పోయొద్దని మాత్రం అప్పటినుంచీ అందరికీ చెబుతున్నా.

ఇక మా పిచికారీ. ఇందులో మొదటి తప్పు నాదే.

జూలైలో రెండు వానలు పడి చిగురు వచ్చింది. మన దగ్గర నిమ్మ, చీనీ రైతులకు చాలాకాలంగా చెప్పే మిశ్రమం ఒకటుంది. లీటరు నీటికి జింకు సల్ఫేటు 5 గ్రాములు, మాంగనీసు సల్ఫేటు, ఫెర్రస్ సల్ఫేటు, మెగ్నీషియం సల్ఫేటు రెండేసి గ్రాములు, బోరాక్స్ 1 గ్రాము, సున్నం 6 గ్రాములు, యూరియా 10 గ్రాములు. ఇక్కడ జింకు ఒక్కదాని సంగతి చూడాలని, కాగితం మీద జింకు సల్ఫేటు 5 గ్రాములు, సున్నం రెండున్నర, యూరియా 10 అని రాసిచ్చాను. ఏ జింకు సల్ఫేటో రాయలేదు. మార్కెట్లో రెండు రకాలు దొరుకుతాయి, ఒకదాంట్లో జింకు 21 శాతం, ఇంకోదాంట్లో 33 శాతం. కొట్లో 33 శాతం ఇచ్చారు. 21 శాతం రకంలో 5 గ్రాములు ఇచ్చే జింకు, 33 రకంలో 3.2 గ్రాముల్లోనే వచ్చేస్తుంది. ఆయన 5 గ్రాములే వేశారు. దానికితోడు సున్నం నాజిల్‌కు అడ్డం పడుతోందని రెండు డ్రమ్ములయ్యాక సున్నం మానేశారు.

నాలుగో రోజు ఫోన్. "సార్, చిగురంతా ఏయించినట్టు అయిపాయ."

వెళ్లి చూస్తే నాలుగు వరసల్లో లేత ఆకుల అంచులు, కొనలు మాడిపోయాయి. సున్నం కలిపిన మొదటి రెండు డ్రమ్ముల చెట్లు మాత్రం బాగానే ఉన్నాయి. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేదనిపించింది. చిగురు పోతే ఆ కొమ్మకు వచ్చే పూలు కూడా వెనక్కి పోతాయి, ఎండాకాలం కాయ మీదే నిమ్మ రైతు సంవత్సరం నడిచేది. ఆ నాలుగు వరసల మందు ఖర్చు నేనే పెట్టుకున్నాను. అప్పటినుంచి నా చీటీల్లో జింకు పక్కన శాతం రాయకుండా పెన్ను ముందుకు కదలదు.

సున్నం గురించి చాలామంది అడుగుతారు. కలిపితే కొంత జింకు కరగని రూపంలోకి పోతుంది, అది నష్టమే. ప్రతిగా ద్రావణంలో పులుపు విరిగి ఆకు మాడదు. మన ఎండలకు ఆ బేరం నాకు సమ్మతమే. నాజిల్ అడ్డం పడకుండా, సున్నాన్ని ముందు రోజు రాత్రే నానబెట్టి, పైతేటను పల్చటి గుడ్డలో వడకట్టి కలపమన్నాను. యూరియా విషయంలోనూ ఒక జాగ్రత్త ఉంది. యూరియా తయారీలో పుట్టే బైయురెట్ అనే మలినం ఎక్కువుంటే నిమ్మ జాతి ఓర్చుకోదు, ఆకు కొనలు పసుపెక్కుతాయి.

ఆగస్టు ఆఖరులో మళ్లీ చిగురు. ఈసారి 21 శాతం రకం. ఆకు పూర్తి సైజులో మూడింట రెండొంతులు వచ్చేదాకా ఆగాం. మరీ చిన్న ఆకు మీద చుక్క నిలిచే జాగా ఉండదు, మరీ ముదిరితే మైనపు పూత మందమవుతుంది. సాయంత్రం ఐదు తర్వాత మొదలుపెట్టి చీకటి పడ్డాక హెడ్‌లైట్ పెట్టుకుని ముగించారు. గన్ను కిందినుంచి పైకి. చెట్టుకు ఐదు లీటర్ల లెక్కన ఎనిమిది డ్రమ్ములు, రెండు సాయంత్రాలు పట్టింది. కూలీలకు రాత్రి భోజనం అదనపు ఖర్చు. ఇది చిన్న విషయం కాదు, ఇంకో ఊళ్లో ఈ ఒక్క కారణం మీదే సాయంత్రం పిచికారీ కుదరలేదు.

పది చెట్లలో నాకోసం ఒక చిన్న పరీక్ష పెట్టుకున్నా. ప్రతి చెట్టులో పక్కపక్కనే ఉన్న రెండు చిగురు కొమ్మలు ఎంచుకున్నాం. ఒకదానికి ఎర్ర ఊలు దారం కట్టి, మందు పడేలా వదిలేశాం. రెండోదానికి పిచికారీ సమయంలో పాలిథీన్ కవరు తొడిగి, చుక్కలు ఆరాక తీసేశాం.

మూడు వారాలకు ఎర్ర దారం కొమ్మల్లో ఈనెల మధ్య పసుపు తగ్గి పచ్చ ఎక్కింది. రైతు ఉత్సాహంగా తన ఖర్చుతోనే ఆకులు కోసి ల్యాబ్‌కు పంపించారు. రిపోర్టులో జింకు 212 పీపీఎం. "13 నుంచి 212 సార్!" అని ఆ రాత్రే వాట్సాప్‌లో పెట్టారు. నాకు మాత్రం టెన్షన్ మొదలైంది. అంత పెరగడం సాధ్యం కాదు. ఆకు మీద ఎండిపోయిన జింకును కూడా ల్యాబ్ ఆకులోని జింకుగానే లెక్కేసింది. పిచికారీ తర్వాత తీసిన ఆకును మామూలు నీళ్లతో కడిగితే చాలదు. రెండోసారి నేనే ఆకులు తీసి, సబ్బు నీళ్లు, ఆ తర్వాత పల్చటి హైడ్రోక్లోరిక్ ఆమ్లం, చివరికి డిస్టిల్డ్ వాటర్‌తో కడిగి పంపాను. 41 వచ్చింది. అది నమ్మదగ్గ అంకె, మంచి అంకె కూడా.

కవరు తొడిగిన కొమ్మల సంగతి? పచ్చబడ్డ కొమ్మకు జానెడు దూరంలో, అదే చెట్టు మీద, అదే పసుపుతో అలాగే ఉన్నాయి.

అక్టోబరు వానలకు ఎర్ర దారం కొమ్మల చివరనుంచే కొత్త చిగురు వచ్చింది. అది కూడా సన్నగా, పసుపుగా! కింద ఆకు పచ్చగా ఉంది, దానిపైనే పుట్టిన పిల్ల ఆకుకు జింకు లేదు. కడిగి చూస్తే 16. "ఇదేంది సార్, తల్లి తిని పిల్లను పస్తు పెట్టినట్టు" అన్నారాయన. ఈ కేసు మొత్తంలో అంత సరైన మాట నేను కూడా అనలేకపోయాను.

జరిగేది అదే. వేరు పీల్చుకున్న జింకు నీటితోపాటు జైలెమ్ గొట్టాల్లో పైకి వస్తుంది. ఆకు మీద కొట్టిన జింకు ఇంకో చోటికి పోవాలంటే ఫ్లోయమ్‌లోకి ఎక్కాలి, ఆకు చేసిన చక్కెరను చెట్టంతా మోసే దారి అది. అక్కడిదాకా చేరేలోపే జింకులో ఎక్కువ భాగం కణాల గోడలకు, ప్రోటీన్లకు అతుక్కుపోతుంది. దాటి ఎక్కినా, ఫ్లోయమ్ రసం కొంచెం క్షారగుణంతో ఉంటుంది, ఫాస్ఫేటూ ఎక్కువే. సీసాలో ఏం జరిగిందో గుర్తుంది కదా. అలాంటి చోట జింకు ఒంటరిగా తిరగలేదు, నికోటియానమైన్ లాంటి చిన్న అణువు చెయ్యి పట్టుకుంటేనే ప్రయాణం. అందుకే నిమ్మ జాతిలోనూ, కాఫీలోనూ ఆకు మీద వేసిన జింకులో చాలా భాగం ఆ ఆకులోనే ఉండిపోతుంది. యూరియాలోని నత్రజని, పొటాషియం ఇలా కాదు, ఆకులోంచి చురుగ్గా కదిలిపోతాయి. రైతులు యూరియా పిచికారీ ఫలితం చూసి జింకు కూడా అలాగే పనిచేస్తుందనుకుంటారు. కాల్షియం అసలే కదలదు. బోరాన్ ఆపిల్ లాంటి చెట్లలో సార్బిటాల్ చక్కెరతో కలిసి కదులుతుంది, ఆ సాయం లేని చాలా పంటల్లో ఉన్నచోటే ఉంటుంది.

వేరుశనగలో దీన్ని కళ్లారా చూడొచ్చు. ఇనుము లోపంతో తెల్లబడ్డ చేలో అన్నభేది (ఫెర్రస్ సల్ఫేటు), నిమ్మ ఉప్పు కలిపి సరిగా తడవకుండా కొడితే, చుక్క పడ్డ చోటే పచ్చ మచ్చ వస్తుంది. ఆ మచ్చ దాటి ఆకులో పక్కకు ఇనుము పెద్దగా పోదు.

దాంతో ప్రశ్న మారింది. ఏ మందు కొట్టాలి అన్నది కాదు, ప్రతి చిగురుకూ కొడుతూ పోవాలా, వేరునుంచి ఇప్పించగలమా అన్నది. ఆయన ఏటా చెట్టుకు కిలో డీఏపీ వేస్తున్నారు, అందులో భాస్వరం (ఫాస్ఫేటు) ఎక్కువ. మట్టి పరీక్షలో భాస్వరం దండిగా ఉంది, భాస్వరం ఎక్కువైతే చెట్టుకు జింకు అందడం తగ్గుతుంది. డీఏపీ పూర్తిగా ఆపించాను. నత్రజనికి అమ్మోనియం సల్ఫేటు పెట్టాం, అది వేరు చుట్టూ ఉన్న మట్టిని కొద్దిగా పులుపు వైపు లాగుతుంది. నవంబర్లో చెట్టుకు 100 గ్రాముల జింకు సల్ఫేటును పశువుల ఎరువులో కలిపి, చెట్టు చుట్టూ వెదజల్లకుండా డ్రిప్పర్ల కింద నాలుగు గుంటల్లో కుప్పగా వేశాం. 8.1 ఉన్న మట్టిలో పరిస్తే మట్టే తినేస్తుంది. రెండు వరసలకు మాత్రం నేల జింకు వేసి, పిచికారీ ఆపాం, తేడా చూడాలని.

డిసెంబర్ మొదటి వారంలో మిచౌంగ్ తుఫాను. పల్లపు వరసల్లో రెండు రోజులు నీళ్లు నిలిచాయి. ఆ వరసలను ఇక ఏ లెక్కలోకీ తీసుకోలేదు, వేరు ఉక్కిరిబిక్కిరైన చెట్టు ఏ లోపమైనా చూపిస్తుంది.

2024 జనవరి చిగురుకు పద్ధతి ప్రకారం ఇంకో పిచికారీ చేశాం. మార్చిలో కడిగి పంపిన ఆకులు 38 చూపించాయి. నేల జింకు మాత్రమే వేసిన రెండు వరసల్లో 19. అంటే నేలనుంచి వచ్చింది కొంచెమే, ఐదు నెలల్లో అంతకన్నా ఆశించడం నా అత్యాశ. ఏడాదిలో ముఖ్యమైన చిగుర్లకు పిచికారీ కొనసాగించమనీ, నేల జింకు రెండేళ్లకోసారి వేయమనీ, ఫాస్ఫేటు సంచి తోట గేటు దాటనీయొద్దనీ చెప్పి వచ్చాను. చీలేటెడ్ జింకు వాడమంటారా అని అడిగారు. అందులో జింకు 12 శాతమే, ధర చాలా ఎక్కువ, ఆకులో అది కూడా ఊరేగింపుగా ఏమీ తిరగదు. సమయం సరిగ్గా కుదిరే తోటకు ఆ డబ్బు దండగ అని నా అభిప్రాయం.

ఎర్ర రిబ్బను కట్టిన 11 చెట్ల మాట. ఏడింటిని తుఫానుకు ముందే వేళ్లతో సహా పీకించాం. తక్కిన నాలుగూ ఏప్రిల్లో నేను వెళ్లినప్పుడు అలాగే ఉన్నాయి, కొమ్మ వంగేలా కాయలతో. అవి ఎందుకున్నాయని అడిగితే ఆయన తల తిప్పుకున్నారు. "రేటు బాగుంది సార్. ఈ కోత అయినాక తీసేస్తా." రిబ్బన్లు ఎండకు వెలిసి గులాబీ రంగుకు వచ్చాయి. చిగురు తిరగేసి చూస్తే అడుగున సిల్లా పిల్లలు ఉన్నాయి.